చిక్కుడు పాదు ఎప్పుడు పూస్తుంది?



ఓర్పును గురించి చెప్పవలసి వచ్చినప్పుడు యాకోబు భక్తుడు (5:7) ప్రవక్తలకంటె ముందుగా సేద్యగానిని మన ముందు నిలబెట్టాడు. తొలకరి వాన, కడవరి వాన పడేవరకు అతడు కనిపెట్టుకొని ఉంటాడని చూపించాడు. ఇక్కడ మన పల్లెలవారు ఒక సంగతి గమనించాలి. మనకు తొలకరి అంటే జూన్ నెల. యాకోబు ఎరిగిన దేశములో తొలకరి అక్టోబరు, నవంబరు నెలలలో పడుతుంది. వేసవి ఎండకు బిగిసిన నేల అప్పుడే మెత్తబడి నాగలికి లొంగుతుంది. కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలలలో పడితే గింజ పాలు పోసుకొని గట్టిపడుతుంది. నడుమ అన్ని నెలలు రైతు మంచముమీద పడుకొని ఉండడు. అయితే వానను మాత్రము తాను కురిపించలేడు. మన భాషలో "కనిపెట్టుకొని ఉండడము" అనే మాట చాలా మంచిది. ఎదురు చూడడమూ అదే, కాపలా కాయడమూ అదే.

పెద్దలకే కష్టమైన ఈ పాఠము పిల్లలకు ఎలా చెప్పాలి? ఆదివారపు బడిలో కంఠత వాక్యముగా చెప్పిస్తున్నాము, అది మంచిదే. కాని చేతికి మట్టి అంటితే ఆ వాక్యము ఇంకొంచెము లోతుకు దిగుతుందని నా అనుభవము.

పోయిన సంవత్సరము తొలకరి పడగానే గుడి వెనుక పెరడులో, మా సంఘములోని ఏడేండ్ల పాపతో కలిసి చిక్కుడు పాదు పెట్టాను. ఆ బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నది. తల్లి కువైట్‌లో ఒకరి ఇంట్లో పనికి వెళ్లింది. గోదావరి జిల్లాలలోనూ కడప వైపునా ఇటువంటి ఇండ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మూరెడు గొయ్యి తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి, అయిదు గింజలు పెట్టాము. మూడవ రోజున పాప ఒక గింజను పుల్లతో తవ్వి చూసింది. పైకి ఏమీ రాలేదు గాని అడుగున తెల్లని వేరు అప్పటికే దిగి ఉన్నది. పుల్ల తగిలి ఆ వేరు విరిగింది. "లోపల ఏం చేస్తుందో చూద్దామని, అయ్యగారూ" అన్నది బిక్కమొగము వేసి.

మార్కు సువార్త 4:26–29లోని ఉపమానము మనకు తెలిసినదే. విత్తినవాడు నిద్రపోతాడు, లేస్తాడు, విత్తనము ఎలా పెరుగుతున్నదో అతనికి తెలియదు. ఆ సాయంత్రము పాపను దగ్గర కూర్చోబెట్టుకొని ఆ కథే చెప్పాను. తక్కిన నాలుగు గింజలూ వారము తిరగకముందే మెడ వంచుకొని నేలను చీల్చుకొని వచ్చాయి. కోళ్లు గీకకుండా చుట్టూ కంప కట్టాము.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలతో మొక్కలు పెట్టేటప్పుడు త్వరగా వచ్చేది ఒకటి, ఆలస్యముగా వచ్చేది ఒకటి కలిపి పెట్టండి. మెంతులు చల్లితే నాలుగు రోజులలో మొలకలు కనబడతాయి, నెల లోపల కూరకు కోసుకోవచ్చు. తోటకూర కూడా అంతే. బెండ పూతకు రావడానికి దాదాపు నలభై రోజులు పడుతుంది. పిల్లల చేతికి కొంచెమైనా ఫలము అందకుండా ఓర్చుకొమ్మని చెబితే వారికి విసుగు తప్ప ఏమీ మిగలదు. మేము మెంతికూర రెండుసార్లు కోసుకొన్నాము కాబట్టే చిక్కుడు దగ్గర నిలబడగలిగాము.

నిలబడవలసినంత కాలము నిలబడ్డాము మరి! ఆగస్టుకే తీగ పందిరి అంతా అల్లుకొన్నది. పూత మాత్రము లేదు. పక్కింటి బీరపాదు కాయలు కూడా కాసింది. పాప రోజూ బడినుండి రాగానే పందిరి కిందికి పోయి చూసేది. అమ్మమ్మ ఒకనాడు ఊరడింపుగా, "పాదు పూసేసరికి మీ అమ్మ వస్తుందిలే" అన్నదట. అప్పటినుండి పాప అడిగే ప్రశ్న మారిపోయింది. "అయ్యగారూ, గట్టిగా ప్రార్థన చేస్తే రేపే పూస్తుందా?"

ఇప్పుడు ఏడాది పొడవునా కాసే పొట్టి రకాలు వచ్చాయి. కాని మన నాటు పందిరి చిక్కుడు పద్ధతి వేరు. పగలు తగ్గి రాత్రి పెరిగితే గాని అది పూతకు రాదు. మన ప్రాంతములో జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలకు లోపే. మనకు తెలియని ఆ కొద్దిపాటి మార్పును చిక్కుడు ఆకు గుర్తుపడుతుంది. నీళ్లు ఎక్కువ పోసినా, ఎరువు ఎక్కువ వేసినా ఆకు పెరుగుతుంది గాని గడువు ముందుకు జరగదు. ఇదంతా పాపకు అర్థమయ్యే మాటలలో చెప్పాను. ఆ బిడ్డ కాసేపు ఆలోచించి, "అమ్మ కూడా పొద్దు తగ్గాకే వస్తుందా?" అన్నది.

"పాదు సంగతి నాకు తెలుసు తల్లీ. అమ్మ సంగతి నాకు తెలియదు. రోజూ ఇద్దరమూ ప్రభువుకు చెప్పుకొందాము" అన్నాను.

ఈ మాట నేను కావాలనే చెప్పాను. ఈ రోజులలో కొన్ని కూటములలో నెల చెప్పి, తేదీ చెప్పి, నీ కార్యము జరిగిపోయినదని పలుకుతున్నారు. పెద్దలు ఆ దెబ్బకు ఓర్చుకోగలరేమో! పసిబిడ్డకు అలా మాట ఇస్తే, ఆ గడువు దాటిననాడు బిడ్డ మనలను కాదు, దేవుని అనుమానిస్తుంది. లూకా 13:6–9లో తోటమాలి ఏమన్నాడు? కాయని అంజూరపు చెట్టును ఇంకొక ఏడు ఉండనిమ్మని అడిగాడు, చుట్టు తవ్వి ఎరువు వేస్తానన్నాడు. తప్పక కాస్తుందని మాత్రము మాట ఇయ్యలేదు. మరుసటి ఏడు అది కాసినదో లేదో ప్రభువు మనకు చెప్పలేదు.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఇటువంటి కాలము ఉన్నది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశము వచ్చి, 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టాడు. ఫలము కనబడక 1853లో ఆ మిషను మూసివేద్దామా అనే మాట వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు మనవారు, మొత్తము అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో పనికి వచ్చినది 1866లో. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగము కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి పని చూపించాడు. సాయము కోసము చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ కాలములో బాప్తిస్మములు ఆపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులోనే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ 2,222 సంఖ్యను మనము ఇష్టముగా చెప్పుకొంటాము. కొండమీది ప్రార్థనకూ ఆ దినమునకూ నడుమ గడచిన 24 ఏండ్లను గురించి మాత్రము ఎవరూ ప్రసంగము చేయగా నేను వినలేదు.

నవంబరు మొదటి వారములో మా పాదు పూసింది. పూతతోపాటు పేనుబంక కూడా వచ్చింది. మంచు ఆరకముందే పాపా నేనూ పొయ్యి బూడిద చల్లేవాళ్లము. శుక్రవారము తల్లికి తీరిక దొరికినప్పుడు అమ్మమ్మ సెల్‌ఫోనులో పాప పువ్వులు చూపించేది, తరువాత కాయలు చూపించేది.

క్రిస్మసుకు తల్లి రాలేదు. పని చేసే ఇంటివారు సెలవు ఇయ్యలేదు. ఆ రాత్రి పాప ఏడ్చింది, అమ్మమ్మ కూడా ఏడ్చింది. మా ఇంటావిడ వారి దగ్గరే పడుకొన్నది. నేను ప్రసంగమేమీ చేయలేదు. మరునాడు ప్రేమవిందుకు పాప తన పాదు కాయలు బుట్టెడు కోసి తెచ్చి వంటవారికి ఇచ్చింది.

ఫిబ్రవరిలో ముదురు కాయలు పందిరిమీదనే ఎండనిచ్చి, ఒలిచి, బూడిద కలిపి డబ్బాలో పోశాము. మొన్న ఆదివారము ఆరాధన తరువాత పాపే కూర్చొని ఇంటికి పది చొప్పున లెక్కపెట్టి పంచింది. పది గింజలు మాత్రము విడిగా కాగితములో మడిచి అమ్మమ్మ పెట్టెలో దాచింది. అవి వాళ్లమ్మవట.