గోడకు మాత్రమే తెలిసిన చట్టం

మన ఆఫీసుల్లో, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో ఎవరూ చదవకూడదనే పెట్టే రచన ఒకటుంది. అది నోటీసు బోర్డు మీది చట్టం. ప్రిన్సిపాల్ గది పక్కన, అద్దాల పెట్టెలో, తాళం వేసి, చిన్నచిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు టిక్కు పెట్టుకుని వెళ్తారు. ఆ అద్దాన్ని రోజూ తుడిచే ఆయమ్మకి అందులో తన గురించి రాసుందని ఎవరూ చెప్పరు.

నిజానికి ఆమె గురించే రాసుంది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం దృష్టిలో ఉద్యోగిని అంటే పర్మినెంటు లెక్చరరు ఒక్కతే కాదు. కాంట్రాక్టరు తెచ్చిన స్వీపరూ, రోజుకూలీ, జీతం లేని వాలంటీరూ, ఇంటిపని చేసే స్త్రీ కూడా. 10 మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఉత్తర్వునీ, వేధిస్తే ఏ శిక్ష పడుతుందో ఆ వివరాన్నీ అందరికీ కనబడేచోట పెట్టాలని 19వ సెక్షన్ యజమానిని ఆదేశిస్తోంది. ఉల్లంఘిస్తే 50 వేల రూపాయల దాకా జరిమానా.

ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్తే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. అది చట్టం కావడానికి మరో 16 ఏళ్లు. కమిటీలు వేశారో లేదో సరిచూడమని 2023 మేలో సుప్రీంకోర్టే ప్రభుత్వాలకి మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇక భాష సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, నోటీసు ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానిక భాషలో ఉండాలంది. 2025 నవంబర్ 21 నుంచి ఆ రెండూ లేబర్ కోడ్‌లలో కలిసిపోయాయి. మరి 2013 చట్టం? దాని 19వ సెక్షన్ ఎక్కడ తగిలించాలో చెప్పింది, ఏ భాషలో రాయాలో చెప్పలేదు. రాయలేని స్త్రీకి ఫిర్యాదు రాయడంలో కమిటీ సాయం చెయ్యాలని అదే చట్టం అంటుంది. తనకొక కమిటీ ఉందని చదవలేని స్త్రీ ఆ సాయం దాకా ఎలా వస్తుంది?

"బోర్డులు పెడితే ఫిర్యాదులు పెరుగుతాయి, సంస్థ పరువు పోతుంది" అంటారు. పరువు పోయేది వేధింపు వల్లనా, వేధింపని చెప్పడం వల్లనా? కొన్నిచోట్ల ఇంకో తెలివితేటలు చూశాను. తప్పుడు ఫిర్యాదు చేస్తే చర్య తప్పదని మాత్రం లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని అదే 14వ సెక్షన్ చెప్పిన వాక్యం మాయమైపోతుంది. ఇది పొరపాటు కాదు, సంపాదకత్వం. పితృస్వామ్యానికి ఏ వాక్యం తీసెయ్యాలో బాగా తెలుసు.

కథల్లో, పురాణాల్లో స్త్రీల మౌనాన్ని చదవడం నేర్చుకున్నవాళ్లం మనం. మన కారిడార్‌లోని ఈ మౌనాన్ని చదవడానికి ఏ సిద్ధాంతం కావాలి? ఆ కమిటీల్లో మనలో చాలామంది పేర్లున్నాయి. కాబట్టి అడుగుదాం. నోటీసు తెలుగులో, అవసరమైనచోట ఉర్దూలో, హిందీలో, ఒడియాలో రాయాలి. స్త్రీల మరుగుదొడ్డి దగ్గర, క్యాంటీన్లో, హాస్టల్లో పెట్టాలి. సభ్యుల పేర్లూ ఫోన్ నెంబర్లూ, ఫిర్యాదుకి 3 నెలల గడువుందన్న మాటా అందులో ఉండాలి. చదవలేనివాళ్లని కూర్చోబెట్టి చదివి వినిపించాలి. యాజమాన్యం అనువాదకులు లేరంటే, మనం ఉన్నాం.