ఏలూరి నీళ్లకు జవాబుదారి యెవరు?

కృష్ణా గోదావరీ కాలువలు రెండును జేరు ఏలూరిలో 2020వ సంవత్సరము డిసెంబరు మొదటివారము మొదలు ఐదువందలకు మించిన జనులు మూర్ఛలతో ఆసుపత్రి పాలైరి. త్రాగునీటిలో దోషము లేదని అధికారులు తొలిదినములలోనే పలికిరి. రోగుల నెత్తురున సీసము, నికెలు గలవని ఢిల్లీ ఎయిమ్సు వైద్యులు పిమ్మట తెల్పిరి. మొదట పలికినవారు ఏ పరీక్షను జూచి పలికిరి? పలికినప్పుడే ఆ పత్రములను ప్రజలముందు పెట్టవలదా?

2005 నాటి సమాచారహక్కు చట్టము నాల్గవ సెక్షను, ఎవరు నడుగకయే కచ్చేరీలు ప్రకటింపవలసినవానిని పేర్కొనుచున్నది. మన కచ్చేరీలలో ఆ సెక్షను బీరువా దాటి వచ్చుట అరుదు. లంచము కాపురముండునది ఆ బీరువాలోనే. ఫిల్టరు బెడ్ల మరమ్మతు బిల్లులను, గుత్తదారుల పేర్లను, నెలనెలా నీటిపరీక్షల ఫలితములను నగరపాలక కార్యాలయపు గోడపై నంటింపుడు. పన్ను తాఖీదులను ఇంటింటికిని జేర్చు తీరికగలవారికి ఇది కష్టమా?