పడిన యోధుని భవిష్యత్తు

ముష్టియుద్ధమున పేరు తెచ్చుకొనుచున్న యువకుడొకడు ఎదిరి దెబ్బకు బరిలో కూలిపోయినచో, మరునాడు లోకము రెండు విధములుగా మాటలాడును. "వీని పని అయిపోయినది" అని కొందరందురు. "ఇదేమంత! రేపే లేచి బదులు తీర్చుకొనును" అని మరికొందరందురు. ఈ రెండు తీర్పులును తొందరపాటువే యని మా యభిప్రాయము. ఆటలయందు ఆసక్తి గల పిల్లలును, వారి తల్లిదండ్రులును ఈ విషయమును నిదానముగా ఆలోచింపవలెనని కోరి, ఒక ప్రసిద్ధ యోధుని చరిత్ర ఆధారముగా నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అమెరికా దేశపు నల్లజాతి యోధుడు జో లూయీ 1914లో అలబామా రాష్ట్రమున, ఒరుల పొలమును పాలునకు దున్నుకొని బ్రతుకు కుటుంబమున జన్మించెను. 1926లో ఆ కుటుంబము పొట్టకూటికై డిట్రాయిట్ నగరమునకు వలసపోయెను. 1934లో వృత్తియోధుడైన లూయీ రెండేండ్లపాటు ఓటమి యెరుగడు. అట్టివానిని 1936 జూన్ 19వ తేదీన న్యూయార్కు నగరమున జర్మనీ దేశస్థుడగు మాక్స్ ష్మెలింగు 12వ రౌండులో పడగొట్టెను. అప్పటికి లూయీ వయస్సు 22 ఏండ్లు.

ఆ గెలుపు గాలివాటున వచ్చినది కాదు. ఎడమచేతితో పొడిచిన పిమ్మట లూయీ ఆ చేతిని వెంటనే పైకి తెచ్చుకొనక క్రిందికి జారవిడుచుననియు, ఆ క్షణమున ఆతని దవడకు కాపు లేదనియు ష్మెలింగు ముందే కనిపెట్టెను. ఆ సందులోనికే కుడిచేతి దెబ్బలను మరల మరల పంపెను. లూయీయో, పందెమునకు ముందు సాధనను తేలికగా తీసికొని గోల్ఫు ఆటలో ప్రొద్దు పుచ్చెను. ఇంకొక సంగతి: ఆ ష్మెలింగు సయితము 1933లో మాక్స్ బేర్ అనువాని చేత చావుదెబ్బలు తిని ఓడినవాడే. అతనిపని అయిపోయినదనియే నాడు పలువురు తలచిరి.

ఓటమి పిదప లూయీ ఏమి చేసెను? బరిని విడువలేదు, ష్మెలింగుతోనే తక్షణము తలపడుదునని పంతము పట్టి కూర్చుండనూ లేదు. శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్ చెప్పినట్లు తన దోషమును దిద్దుకొనెను. రెండు నెలలకు జాక్ షార్కీ యను మాజీ విజేతను ఓడించెను. 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడాక్‌తో పోరాడి, మొదటి రౌండులో తానే నేల కరచియు లేచి, 8వ రౌండులో అతనిని పడగొట్టి ప్రపంచ విజేత యయ్యెను. సరిగా ఒక ఏడాదికి, 1938 జూన్ 22న, ష్మెలింగును మరల ఎదిరించి 124 సెకండ్లలో ముగించెను. 1949లో విరమించువరకు 25 పర్యాయములు తన పదవిని నిలుపుకొనెను.

చాలమంది కథను ఇచ్చటనే ఆపి చప్పట్లు కొట్టుదురు. కాని దీనికి రెండవ సగము గలదు. 1942లో రెండు పందెముల రాబడిని దేశపు సైనిక, నౌకాదళ సహాయ నిధులకు ధారపోసిన ఆ ఉదారుడు, తన లెక్కలు తాను చూచుకొననందున పన్నుబాకీలలో మునిగిపోయెను. బాకీ తీర్చుటకై 1950లో మరల బరిలో దిగెను. 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో ఆతనిని 8వ రౌండులో పడగొట్టెను. అప్పటికి 37 ఏండ్లు. కడపట లాస్ వేగాస్ నగరమున ఒక హోటలు ముంగిట అతిథులను పలుకరించు కొలువున బ్రతికెను.

మనుష్యుడొక్కడే, పడుట రెండు మారులు. మొదటి పాటు ఆతనికి పాఠమయ్యెను, రెండవది ముగింపయ్యెను. కావున పడిన యోధుని భవిష్యత్తును ఆ పాటును బట్టి కాక మూడు ప్రశ్నలను బట్టి నిర్ణయింపవలెను. వాని తల కోలుకొన్నదా? ఓటమికి కారణమైన దోషము దొరకినదా, అది దిద్దదగినదా? వాడు ఆట కొరకు మరల దిగుచున్నాడా, లేక అన్యగతి లేక దిగుచున్నాడా?

వీనిలో మొదటి ప్రశ్నయే మొదటిది. స్పృహ తప్పుట యనగా మెదడునకు తగిలిన గాయము. మరల మరల తలదెబ్బలు తిన్న యోధులకు కాళ్లు తూలుట, మాట తడబడుట, బుద్ధి మందగించుట కలుగునని హారిసన్ మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు 1928లోనే వ్రాసెను. గాయము మానకమునుపే రెండవ దెబ్బ తగిలినచో ప్రాణమునకే ముప్పు. తలనొప్పి, వాంతి, మసకచూపు, మితిమీరిన నిద్ర ఉన్నంతకాలము ఏ బాలుడును బరివైపు పోరాదు. ధైర్యము పేరిట వీనిని దాచుట ధైర్యము కాదు.

మూడవ ప్రశ్నకు మన తెలుగు గడ్డనుండి ఒక ఉదాహరణము. నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరములలో ప్రపంచ విజేతయై, 2024లో పారిస్ ఒలింపిక్సులో పతకము రాకుండగనే ఓడెను. అది పాయింట్ల ఓటమియే కాని పడిపోయిన ఓటమి కాదు. ఐనను నిరాశ నిరాశయే. అదే యేడు తెలంగాణ ప్రభుత్వము ఆమెకు పోలీసుశాఖలో డి.ఎస్.పి. ఉద్యోగ మిచ్చెను. కాలి క్రింద గట్టినేల ఉన్నవారు బరిలోనికి పోవలెనో, మానవలెనో స్వేచ్ఛగా నిశ్చయించుకొనగలరు. లూయీకి 1950లో లేనిది ఆ స్వేచ్ఛయే. కనుక ఆటలాడు పిల్లలు చదువును విడువరాదని మేము పదే పదే చెప్పుట.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ప్రాంతమున వైద్యుడు మాటలాడు భాష మన యిండ్లలో పలువురకు రాదు. అడుగుటకు మొగమాటపడి, తల ఊపి, మందుచీటితో తిరిగివచ్చుట మేమెరుగుదుము. తలదెబ్బ విషయమున అట్లు చేయవలదు. ఎన్ని దినములు విశ్రాంతి, ఏ లక్షణము కన్పించిన తిరిగి రావలెను అను రెండు మాటలను కాగితముపై వ్రాయించుకొనుడు. ఆ కాగితమును పాఠశాలకు తెండు. మేము చదివి తెలుగున చెప్పెదము. అవసరమైనచో వెంట వచ్చెదము.

విద్యార్థులారా! ఓడినవానిని వెక్కిరింపకుడు, వెంటనే లెమ్మని రెచ్చగొట్టకుడు. వానికి కావలసినది కొంత వ్యవధి, ఒక మంచి గురువు, నిజము చెప్పు స్నేహితుడు. ఈ మూడును దొరకినచో వాడు మరల బరిలో దిగినను, దిగక మరియొక త్రోవ పట్టినను, వాని భవిష్యత్తు చెడదు.