గోళీల సంచి

2021లో, అప్పులపాలైనవాళ్లు ప్రాణాలొడ్డి ఆటలాడే కొరియన్ సిరీస్ ‘స్క్విడ్ గేమ్’ మొదటి సీజన్‌ను రాయదుర్గం మెట్రోలో ఫోన్‌లో చూశాను. 6వ ఎపిసోడ్‌లోని గోళీలాటలో సాంగ్‌వూ తనను నమ్మిన తోటి ఆటగాడు అలీ మెడలో గోళీల సంచి వేలాడదీస్తాడు. కాసేపటికి అలీ విప్పి చూస్తే లోపల గులకరాళ్లు! నేను దిగాల్సిన హైటెక్ సిటీ స్టేషన్ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. అలీ పాకిస్తాన్ నుంచి వచ్చిన కార్మికుడు. నెలల తరబడి జీతం అందనివాడు. మాదాపూర్‌లో మా హాస్టల్ పక్కన టవర్ కడుతూ రేకుల షెడ్లలో ఉండే కూలీలే కళ్లముందు మెదిలారు.

మూడేళ్లు ఎదురుచూశాను. 2024 డిసెంబర్ 26న రెండో సీజన్ రాగానే రూమ్మేట్లం బిర్యానీ తెప్పించుకుని కూర్చున్నాం. ఉన్నవి 7 ఎపిసోడ్‌లే. అందులో పడవేసుకుని ఆటలు జరిగే దీవిని వెతికే పోలీసు వెతుకుతూనే ఉంటాడు. ఆటగాళ్ల తిరుగుబాటు వేడెక్కేసరికి సీజన్ అయిపోయింది. మిగతా కథకు 2025 జూన్ 27 దాకా ఆగాల్సి వచ్చింది. సగం వడ్డించి విస్తరి లాగేసినట్టే!

కొడుకు అప్పు తీర్చడానికి ఆటలోకి దిగిన ముసలి తల్లి ఉంది చూడండి, ఆమె కోసమైతే ఇంకో రెండు గంటలైనా కూర్చునేదాన్ని. ఆ పోలీసు పడవకిచ్చిన సమయం ఆ తల్లికిచ్చి ఉండాల్సింది.