నునుపు ఎవరి ధర్మం?

మగవాడికి మీసం, ఆడదానికి నునుపు ప్రకృతి ధర్మమన్న పాత మాట ఇప్పుడు పరిణామ సిద్ధాంతం ముసుగు వేసుకుని వస్తోంది. ఆదిమ కాలంలో పురుషులు నున్నటి స్త్రీలనే ఎంచుకున్నారు కాబట్టి మన ఒంటిమీద వెంట్రుకలు తగ్గాయట! కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల స్త్రీల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన సామాజిక పరిశోధకురాలిగా ఈ వాదాన్ని నేను తిరస్కరిస్తున్నాను. దీని బరువు మోస్తున్నది పై పెదవిమీద నూగున్న పెళ్లికాని పిల్లలు.

ఈ ఊహకు మూలం 1871లో డార్విన్ రాసిన గ్రంథం. వెంట్రుకలు ముందు స్త్రీకే తగ్గాయనీ, అది అలంకారంగా జరిగిందనీ ఆయన భావించాడు. తర్వాత వేరే వివరణలు వచ్చాయి. చెమట ఆరి ఒళ్లు చల్లబడటానికని కొందరన్నారు. పేలు, పిడుదుల బెడద తగ్గడానికని 2003లో పేగెల్, బాడ్మర్ అన్నారు. మనిషికి బొచ్చు ఎందుకు పోయిందో ఇవి చెప్పజూస్తాయి. స్త్రీ పురుషుల మధ్య తేడా ఎందుకన్నది ఇంకా తేలని విషయమే.

తేలిన సంగతి ఒకటుంది. వెంట్రుకల కుదుళ్ల సంఖ్య ఇద్దరిలోనూ దాదాపు సమానం. ఈడేరాక ఆండ్రోజన్ హార్మోన్లు సన్నటి నూగును ముదురు వెంట్రుకగా మారుస్తాయి. ఆ హార్మోన్లు స్త్రీ శరీరంలోనూ తయారవుతాయి. అంటే ఇది హెచ్చుతగ్గుల తేడాయే తప్ప జాతి తేడా కాదు. ప్రకృతే మనల్ని నున్నగా చేసి ఉంటే పసిపిల్లకు నలుగు పెట్టి నూగు రాలేదాకా రుద్దడమెందుకు? 1915లో జిల్లెట్ కంపెనీ ఆడవాళ్లకని వేరే రేజరు అమ్మడమెందుకు? జగిత్యాల, మంచిర్యాల బ్యూటీ పార్లర్లలో దారంతో పెదవి లాగించుకోవడమెందుకు?

ఈ భావజాలం రెండు విధాలుగా గాయపరుస్తోంది. "మీసాలున్న పిల్లనెవరు చేసుకుంటరు?" అన్న మాట పెళ్లిచూపుల్లో కట్నం పెంచే బేరమవుతోంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టిన కూలి డబ్బులతో క్రీములు కొనే ఆడపిల్లలను నేను చూశాను. రెండోది ఆరోగ్యం. ముట్లు తప్పుతూ ముఖంమీద వెంట్రుకలు దట్టమవుతుంటే అది పీసీఓఎస్ లక్షణం కావచ్చు. ఈ సమస్య ఉన్నవారిలో 70 శాతం దాకా దాన్ని గుర్తించలేకపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సిగ్గుతో ముఖం దాచుకునే పిల్ల ఆసుపత్రికెలా వస్తుంది? వచ్చినా ఏది ఎక్కువ, ఏది మామూలు అని కొలిచే పద్ధతి 1961లో లండన్‌లో తయారైంది. ఏ జాతి స్త్రీలకైనా ఒకే గీత గీయకూడదని ఇప్పుడు వైద్యులే ఒప్పుకుంటున్నారు. ఆదిలాబాద్ గోండు, కొలాం స్త్రీలను ఆ గీతతో కొలవడం న్యాయమా?

పురుషుడి ఇష్టం లక్షల ఏళ్లనాటిదే అనుకుందాం. అంతమాత్రాన అది మన విధి కాదు. పాతదల్లా న్యాయమైతే మనకు ఉద్యమాలతో పనేముంది? మన సంఘాల సమావేశాల్లో, ఆరోగ్య శిబిరాల్లో ఈ విషయం బాహాటంగా మాట్లాడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముట్టు సమస్యలకు పరీక్షలు, చికిత్స కావాలని అడగాలి. వెంట్రుక ఉంచుకోవాలో తీసేయాలో ఆ స్త్రీయే నిర్ణయించుకోవాలి.