మీ క్రమశిక్షణ ఎవరి చాకిరీ?

మొన్నొక పెళ్ళి భోజనాల దగ్గర రిటైరైన పెద్ద అధికారి ఒకాయన గారె తుంచుకుంటూ తీర్పు చెప్పేశారు. "ఏడీహెచ్‌డీ లేదు, పాడూ లేదు. మా కాలంలో ఇవన్నీ విన్నామా? నాలుగింటికి లేచి చూడమనండి, అన్నీ అవే సర్దుకుంటాయి." పంక్తి పంక్తంతా తలలూపింది. పెరుగు వడ్డించేదాకా ఆ ప్రవచనం సాగింది.

వినలేదు, నిజమే. లోకం మాత్రం వింది. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని పిల్లల గురించి తోటి వైద్యుల ముందు ఉపన్యాసాలిచ్చాడు. ఇప్పుడు ఏడీహెచ్‌డీ అంటున్న ఆ ఇబ్బందికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు 1950ల నుంచీ వాడుకలో ఉంది. "ఫోన్లు వచ్చి పాడుచేశాయి" అంటారా? 1902లో స్టిల్ చూసిన పిల్లల చేతుల్లో ఏ స్మార్ట్‌ఫోనుంది? బద్ధకమంటారా? తనకు ఏడీహెచ్‌డీ ఉందని 41వ ఏట తెలిసిందని మలయాళ నటుడు ఫహద్ ఫాజిల్ 2024లో చెప్పాడు. అప్పటికి ఆయన చేసిన సినిమాలు లెక్కపెట్టుకోండి.

ఇక "మా కాలం" సంగతి. అయ్యా, ఆ కాలంలో మీ కళ్ళజోడు ఎవరు వెతికిచ్చారు? స్కూటరు తాళం, కరెంటు బిల్లు గడువు, పిల్లల ఫీజులు, మీ అమ్మగారి బీపీ మాత్రలు, మేనకోడలి పెళ్ళి ముహూర్తం, ఇవన్నీ ఎవరి బుర్రలో ఉండేవి? ఇస్త్రీ చొక్కా మంచం మీద, క్యారేజీ గుమ్మం దగ్గర పెట్టిందెవరు? మీరు టయానికి ఆఫీసుకి వెళ్ళారు, సంతోషం. పంపించిన మనిషికి మాత్రం క్రమశిక్షణ అనే బిరుదు రాలేదు. మతిమరుపు మీ ఇళ్ళలోనూ ఉంది. దాన్ని మోసే మనిషి ఉంది కాబట్టి బయటికి కనపడలేదు, అంతే.

అదే మరుపు కోడలికుంటే? మొగుడు మర్చిపోతే "పాపం, పనిలో పడితే లోకం తెలీదు" అని మురిసిపోయిన ఇల్లే, ఆమె పొయ్యి మీద పాలు పొంగితే "మనసెక్కడ పెట్టావమ్మా?" అంటుంది. బళ్ళో బెంచీలెక్కి గెంతే మగపిల్లవాణ్ణి ఏ టీచరో డాక్టరు దగ్గరికి పంపుతుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల నెమ్మదస్తురాలైపోతుంది. ఇల్లూ ఉద్యోగమూ పిల్లలూ ఒక్కసారే నెత్తిన పడ్డాక, కొడుకును చూపించడానికి వెళ్ళి తనకూ అదే ఉందని తెలుసుకునే తల్లులున్నారు. వంశంలో వచ్చే జబ్బు మరి. ఆమెకు తాళాలు వెతికిచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఈ నాలుగింటికి లేచే మతం సంగతి కూడా చెప్పాలి. హాలు అద్దెకు తీసుకుని, మైకు పట్టుకుని "తలుచుకుంటే సాధించలేనిది లేదు" అనే వికాస గురువులకు మన ఊళ్ళలో కొదవ లేదు. తలుచుకోవడంలో లోటేమీ లేదు స్వామీ! తలుచుకున్న పని మొదలుపెట్టడం దగ్గరే చిక్కు. చెయ్యాలని తెలుసు, చెయ్యాలనీ ఉంది, అయినా చెయ్యి కదలదు. రాత్రంతా కుమిలిపోవడం అదనం. పైగా ఈ జబ్బున్న చాలామందికి నిద్రే ఆలస్యంగా పడుతుంది. వాళ్ళను నాలుగింటికి లేపితే రెండో జబ్బు తగులుతుంది.

మందు కొనబోతే ఇంకో తమాషా. మిథైల్‌ఫెనిడేట్ గట్టి ఆంక్షలతో అమ్మే షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ రెండు ప్రతులు తీసుకెళ్ళాలి, ఒకటి దుకాణంవాడు రెండేళ్ళు దాచాలి. మరుపుకి వాడే మందు కోసం నెలనెలా ఏదీ మరవకుండా తిరగాలన్నమాట.

మరేం చెయ్యాలంటారా? తలుపు పక్కన తాళాలకు ఒకే కొక్కెం. బిల్లులకు ఆటోపే. పని మొదలుపెట్టేటప్పుడు పక్కన ఎవరైనా కాసేపు కూర్చోవడం. డాక్టరు రాస్తే మందు. ఇంకా ఉన్నాయి, ఎవరికేది కుదురుతుందో వాళ్ళు చూసుకుంటారు. "ఇలా అన్నిటికీ ఆధారపడితే ఎలా?" అని మాత్రం మీరు అనకండి. మీరూ ఆధారపడే బతికారు. జీతం ఇవ్వలేదు, పేరు చెప్పలేదు.

సలహా ఇవ్వాలని అంత ఉబలాటంగా ఉంటే ఒక్క నెల ఇంట్లో ఎవర్నీ "నా ఫలానాది ఎక్కడుంది?" అని అడక్కుండా గడిపి చూడండి. అప్పుడు రండి, మమ్మల్ని ఎన్నింటికి లేపాలో మాట్లాడుకుందాం.