విమర్శ వేరు, వెలి వేరు

'క్యాన్సిల్ కల్చర్' అని ఒక కొత్త మాట మోపైంది. పెద్దమనుషులెవరన్న నోరు జారి, జనం నాలుగు మాటలంటే చాలు, 'మమ్ముల క్యాన్సిల్ చేస్తున్నరు, వాక్ స్వాతంత్ర్యం మంటగలిసింది' అని గగ్గోలు మొదలైతది. ఆ గగ్గోలు ఎక్కడినుంచి వినిపిస్తున్నది? టీవీ స్టూడియోల నుంచి, పెద్ద పత్రికల సంపాదకీయ పేజీల నుంచి, సినిమా ఫంక్షన్ల స్టేజీల మీది నుంచి. మైకు చేతుల పట్టుకొని గొంతు నొక్కిండ్రని ఏడిస్తే ఎట్ల నమ్మాలె?

మనిషిని నిజంగ క్యాన్సిల్ చేయడమంటే ఏందో చూడాలంటే నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ పల్లెలకు పోవాలె. అక్కడ గ్రామాభివృద్ధి కమిటీలని ఉంటయి. పేరు వింటే సర్కారు కమిటీ అనుకుంటరు. ఏ చట్టం పెట్టిన కమిటీ కాదు, ఎవరూ ఓటేసి ఎన్నుకున్నది కాదు. కమిటీ అడిగినంత పైసలు కట్టలేమని కల్లుగీసే గౌడులు అన్నరా, ఊర్ల చాటింపు పడుతది. వాళ్ల కల్లు తాగొద్దు, కిరాణంల ఉప్పుపప్పు ఇయ్యొద్దు, పనికి పిలువొద్దు, మాట్లాడినోళ్లకు జుర్మానా. కమిటీని ఎదిరించిన ఏ కులానికైనా ఇదే శిక్ష. దళిత, గిరిజనులను వెలివేస్తే అట్రాసిటీ చట్టం కింద నేరమని 2015 సవరణ చెప్పింది. ఆ చట్టం బీసీలకు వర్తించదు. ఎవరిని వెలివేసినా నేరమేనని మహారాష్ట్ర శాసనసభ 2016ల బిల్లు పాస్ చేసింది. ఈ వెలి మీద ఆ స్టూడియో పెద్దలు ఎన్నడన్న అరగంట చర్చ పెట్టిండ్రా?

సరే, ఎదుటోళ్లను అడిగినం. ఇప్పుడు మన ముఖం గూడ అద్దంల చూసుకోవాలె. ఉద్యమంల మనం చేసినదంతా విమర్శేనా?

సినిమా సంగతే తీసుకుందాం. దశాబ్దాల పాటు తెలుగు సినిమాల హీరోది ఒక భాష. రౌడీది, జోకరుది, పనిమనిషిది ఇంకో భాష. ఆ ఇంకో భాష మనది. మన అవ్వ మాట్లాడిన మాట తెర మీద వినపడితే హాలంత నవ్వాలె! దాని మీద మనం రాసినం, పాడినం, సభలు పెట్టినం, టికెట్ కొనొద్దని చెప్పినం. అందుల తప్పేమి లేదు. టికెట్ కొనకపోవుడు గూడ ఒక అభిప్రాయమే, మన పైసలు మన ఇష్టం. ఇదే 'క్యాన్సిల్' అయితే బాజాప్త చేసినం, మళ్ల చేస్తం.

కానీ 2012 అక్టోబర్ల 'కెమెరామెన్ గంగతో రాంబాబు' వచ్చినప్పుడు ఏమైంది? ఉద్యమాన్ని కించపరిచిండ్రని కోపమొచ్చింది. కోపం న్యాయమైనదే. అది థియేటర్ల మీద పడ్డది. ఆటలు ఆగినయి, ఆఖరికి కొన్ని సీన్లు కత్తిరించిండ్రు. గెలిచినమని సంబురపడ్డం. ఏం గెలిచినం? ఆ సీన్లల్ల ఏమున్నదో జనానికి చూపి, ఇగో ఇది తప్పు, ఇగో ఇది అబద్ధమని విప్పి చెప్పే మోక పోయింది. జవాబు లేకనే రాయి పట్టిండ్రనేటోళ్లకు సందిచ్చినం.

భాష మీద సాగిన విమర్శను దాని పక్కన పెట్టి చూడండి. ఏండ్లకేండ్లు ఓపికతోని సాగింది. 2017ల 'ఫిదా' వచ్చింది. హీరోయిన్ బాన్సువాడ పిల్ల, మాట మన మాట, ఎవరూ ఎగతాళిగ నవ్వలే. 2023ల 'బలగం' వచ్చేసరికి ఊర్లల్ల తెరలు కట్టుకొని చూసి ఏడ్చిండ్రు. ఏ రాయి ఈ పని చేసింది?

పైగా రాయి ఒక్క చేతిల ఉండదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నెల నిండక ముందే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లు తెలంగాణల బందైనయి. కొత్త ఎమ్మెల్యేలను టీవీ9 వెక్కిరించిన తీరు చూసి మాకూ కడుపు మండింది. వాళ్లను మాటలతోని ఏకి పారేయాల్సిందే. కానీ తెర నెలల తరబడి నల్లగనే ఉన్నది. మేం ఆపలే, కేబులోళ్లు ఆపిండ్రని సర్కారు అన్నది. రిమోటు మన చేతిల ఉంటే చానల్ మారుస్తం, అది మన బహిష్కారం. వైరే పీకేస్తే మనం మార్చేదేముంది? ఆ ఏడాదే సెప్టెంబర్ 9న వరంగల్ల ముఖ్యమంత్రి కేసీఆర్, తెలంగాణను కించపరిచే మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతిపెడ్తమన్నడు. ఆ రోజు కాళోజీ శతజయంతి! నిజాం కాలం నుంచి ఏ సర్కారుకు నోరు మూసుకోని మనిషి పుట్టినరోజు నాడు ఆ మాట. మనలో ఎంతమందిమి లేచి అడిగినం? 2017ల ఇందిరా పార్కు కాడి ధర్నా చౌక్ మూసినప్పుడు గాని మనకు మెలకువ రాలే. మనం కూసొని కొట్లాడిన జాగను 2018ల హైకోర్టుకు పోయి తెరిపిచ్చుకోవాల్సొచ్చింది.

లాఠీ, రాయి ఒకటేనా అని విద్యార్థి తమ్ముళ్లు అడుగుతరు. ఒకటి కాదు. సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం లేకుండ నిలబడ్డ ఉద్యోగి కోపం, అధికారంల కూసున్నోడి కోపం ఒక్క తూకం తూగవు. కానీ థియేటర్ల మీదికి పోయిన నాడు మనం చెప్పిన కారణం 'కించపరిచిండ్రు' అని. రెండేండ్లకు సర్కారు పట్టుకున్నది గూడ అదే మాట. సానబెట్టి ఇచ్చింది మనమే. రేపు ఒక గుమస్తా బదిలీల మీద నాలుగు నిజాలు మాట్లాడితే, ప్రభుత్వాన్ని కించపరిచిండని మెమో వస్తది. అప్పుడు ఏ మొఖం పెట్టుకొని అడుగుతం?

కంచ ఐలయ్య విషయంల గూడ ఇదే జరిగింది. 2017ల 'సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు' పుస్తకం పేరు వైశ్య సోదరులను నొప్పించింది. చిన్న కిరాణం నడిపి బతికేటాయన ఆ పేరు చూసి నొచ్చుకుంటే మేం తప్పు పట్టం. ఎదురు పుస్తకం రాయొచ్చు, ఊరేగింపు తీయొచ్చు. కానీ పరకాలల ఆయన కారు మీద దాడి చేసిండ్రు. ఒక తెలుగుదేశం ఎంపీ ఉరి తీయాలన్నడు. పుస్తకాన్ని నిషేధించనని అక్టోబర్ల సుప్రీంకోర్టు చెప్పింది గాని, ఆ మాట కోర్టు కంటే ముందు మన ఉద్యమ సంఘాలు చెప్పాల్సి ఉండె. ఐలయ్యతోని మాకు నూరు పంచాయితీలున్నయి. అవి ఆయన బతికి రాస్తుంటేనే తెగుతయి.

సగం మంది పాఠకులకు ఈ వ్యాసం నచ్చదని మాకు ఎరుకే. 2012ల థియేటర్ కాడ మాతోపాటు నిలబడ్డోళ్లకు అసలే నచ్చదు. రాయండి. రెండు పేజీలు దాటకుండ రాస్తే వచ్చే వారం అచ్చేస్తం. తిట్లు తీసేయం, అక్షరదోషాలు మాత్రం దిద్దుతం.